పదకొండో గుట్టలో నలభై శలాకలు

ముప్పై ఏడో శలాక దగ్గర తవిటమ్మ ఆగింది. నాచు మీద బరువు పడకుండా చెక్కబల్ల మీద బోర్లా పడుకుని, చెయ్యి చాపి ఉక్కు కడ్డీని పట్టుకుంది. అస్తమించని సూర్యుడి ఎండలో అది పొయ్యి మీంచి దించిన గరిటెలా ఉంది. కడ్డీ మొదలు చుట్టూ వేలెడు గుంట, గుంటలో నీళ్లు. ముప్పై ఆరింటి దగ్గరా ఇదే గుంట, ఇవే నీళ్లు.

పదకొండో హిమగర్భం పైకి మామూలు మట్టిగుట్టే. లోపల వెయ్యేళ్లుగా పెరిగిన మంచు. ఆ ఆర్కిటిక్ తీరాన ఇలాంటివి ఇక పద్నాలుగే మిగిలాయి. దింపిన శలాకలన్నీ లోపలి వేడి కొలిచి సంఖ్యలు పంపుతున్నంతకాలం గుట్ట సజీవ జాబితాలో ఉంటుంది. ఏ ఒక్కటి ఆరు గంటలు పంపకపోయినా పేరు కొట్టేస్తారు. వారం తిరక్కుండా గనికి రోడ్డేసే యంత్రాలు దాని మీదికొస్తాయి.

చెవిలో విశాఖ పర్యవేక్షణ కేంద్రం పలికింది. పై అధికారి కూర్మారావు.

"ఏటి తవిటమ్మా, పడుకున్నావా? పదకొండు మళ్లీ పాయింట్ రెండు ఎక్కింది. ఇంకో ఇరవై శలాకలు పంపుతున్నాను. వచ్చిన రోజే దింపీ."

"ఎందుకండీ?"

"ఎందుకేటి? ఎందుకు వేడెక్కుతోందో చూడొద్దేటి?"

తవిటమ్మకి ఒళ్లు మండింది. ముందు అతని మీద, తర్వాత తన మీద. తొమ్మిదేళ్లలో ఈ నలభైనీ దింపింది తన చేతులే. వేడి పెరిగిందన్న ప్రతిసారీ మరికొన్ని. దింపిన రోజు అన్నం సయించేది, ఏదో చేశానన్న తృప్తితో. జ్వరమొచ్చిన పిల్లని పది నిమిషాలకోసారి లేపి నుదురు చూసే మనిషి, ఆ పిల్లని నిద్రపోనిచ్చిందా? తన ఆదుర్దాకే ఇన్నాళ్లూ కాపలా అని పేరు పెట్టుకుంది.

"వేడిని లోపలికి లాగుతున్నది ఈ కడ్డీలేనండీ. ఇక్కడ మైనస్ రెండు. చెక్కగొట్టంలో మైనస్ నాలుగు."

తనకు ముందు గుట్టని కాసిన కావలివాళ్లు వదిలేసిన చెక్కగొట్టం ఒకటి ఉత్తరపు వాలులో ఉంది. పొద్దున్నే దారానికి థర్మామీటరు కట్టి దింపి చూసింది.

"రాసి పంపు. కమిటీలో పెడతాను."

"మూడేళ్ల కిందటే రాశాను. మీరు పదిహేను శలాకలు పంపారు."



ఆమె కడ్డీని రెండు చేతులా పట్టి లాగింది. రాదనుకుంది. బురదలోంచి సులువుగా వచ్చేసింది. అంత సులువుగా రావడమే ఆమెను మరింత మండించింది. గుంటలో, నీడన మిగిలిన మంచుపెళ్లలు తెచ్చి కుక్కి నాచు కప్పింది.

"తెర మీద ముప్పై ఏడు ఆరిపోయిందేటి!"

"ముప్పై ఎనిమిదీ ఆరిపోతుంది. చూస్తూండండి."

"పిచ్చెక్కిందేటి నీకు? ఆరు గంటల్లో గుట్ట జాబితాలోంచి పోద్ది!"

"పోదు. మనిషి చూసి చెప్పిన సంఖ్య చెల్లుతుందని పాత నిబంధన ఉంది. మీరు దాన్ని కొట్టెయ్యలేదు, మరిచిపోయారంతే. ఆరు గంటలకోసారి నేను చూసి చెప్తాను."

"వచ్చే నెల నీ ఓడొచ్చేస్తాది. ఎన్నాళ్లు చెప్తావు?"

"ఓడని నేను లేకుండా వెళ్లిపోమనండి."

ఐదున్నర గంటలయ్యేసరికి నలభై కడ్డీలూ బల్లల మీద ఉన్నాయి. అరచేతుల తోలు లేచిపోయింది. చెక్కగొట్టం దాకా పాకి, దారం పైకి లాగి చూసింది.

"మైనస్ నాలుగు. రాసుకోండి."

చాలాసేపు మీటలు నొక్కిన చప్పుడు. తర్వాత కూర్మారావు గొంతు, బాగా తగ్గి:

"తవిటమ్మా, కంప్యూటరు శలాక నంబరు అడుగుతోంది. అదిస్తేగానీ తీసుకోదట. మనిషి చూసి చెప్పిన సంఖ్య వెయ్యడానికి ఇక్కడ గడి లేదు."

"అయితే గడి గీయండి," అంది తవిటమ్మ. "అరగంట ఉంది మీకు."