పలకల గోడౌన్లో చప్పుడు

మార్కాపురంలో గిద్దలూరు రోడ్డు మీద మూతపడిన పలకల గోడౌనొకటుంది. పొద్దుగూకితే దాని ముందర ఎవరూ బండి ఆపరు. లోపల నుంచి షట్టరు కొడతారంట... నిలబడి విన్నోళ్లు బాగుపడలేదంట.

ఊరికే పుట్టిన మాట కాదు. పన్నెండేళ్ల కింద దేవదానం అనే పలకలు కోసేవాడు లోపలుండగా గొలుసు తెగి షట్టరు కిందపడింది. ఇంకో వాకిలి లేదు. పక్కనున్న పలకల దొంతి మీదపడి, నెత్తురు పోతా ఉంటే, రాత్రంతా షట్టరు కొట్టినాడంట. విన్నోళ్లు దొంగలనుకుని తప్పుకుపోయినారు. తెల్లారేసరికి చప్పుడు ఆగిపోయింది.

ఆ గోడౌన్నే పక్క ఆసుపత్రి డాక్టరు బాలసుబ్రహ్మణ్యం కొని కంప్యూటర్ గది చేసినాడు. రాతిగోడలు, చల్లగా ఉంటుందని. రోగుల వివరాలన్నీ అక్కడి పాత సర్వర్లోనే. దాని పని అయిపోవచ్చింది. కొత్తది ఎంచే బాధ్యత ఆసుపత్రి కంప్యూటర్లు చూసే జిలానిది.

"మూడు కావాల సార్. ఒకటి ఆగితే ఇంకోటి అందుకోవాల. ఆ రెండిట్లో ఏది బతికుందో తేల్చడానికి మూడోది."

"పెద్దది ఒకటి కొను జిలానీ, చాలు. అంత ఖర్చు ఏంది?"

ఆ గదిలో ఎన్ని మిషన్లు పడతాయో చూసి చెబుదామని, రోగుల రద్దీ తగ్గినాక, రాత్రి పదింటికి జిలాని ఒక్కడే లోపలికి పోయినాడు.

వెనక ఢామ్మని షట్టరు పడింది. పడతా పడతా గోడ మీది కరెంటు వైరును తెంపింది.

ఎత్తబోయినాడు — కదల్లేదు. ఫోను చూసినాడు — సిగ్నల్ లేదు. చీకట్లో పాత సర్వర్ ఫ్యాను ఒక్కటే మూలుగుతా ఉంది. బ్యాటరీ మీద పావుగంట... అదీ ఆగిపోయింది.

ఇంక ఆసుపత్రిలో ఎవరి వివరం అడిగినా తెర మీద ఏమీ రాదు. తనకు ఫోను చేస్తారు, తగలదు. ఈ పొద్దులో ఇక్కడికి మాత్రం ఎవరూ రారు.

స్క్రూడ్రైవరు పిడితో షట్టరు కొట్టినాడు. ఠక్... ఠక్...

బయట ఒక బండి నెమ్మదించింది. జిలానికి ప్రాణం లేచొచ్చింది.

"అన్నా! తియ్యన్నా!"

"ఓరి నాయనో... పిలస్తా ఉండాడురా!"

బండి రయ్యిమని పోయింది. ఇంకోటి వచ్చింది. అదీ అంతే.

అప్పుడు అర్థమయింది — తాను ఎంత గట్టిగా కొడితే జనం అంత దూరం పరిగెత్తుతారు. గాలి బరువెక్కింది. అయినా కొడతానే ఉన్నాడు...

అర్ధరాత్రి దాటినాక చెప్పుల చప్పుడు. పరిగెత్తలేదు. నేరుగా షట్టరు దగ్గరికొచ్చి ఆగింది.

"వచ్చినా..." ఆడగొంతు, గుసగుసగా. "ఆ పొద్దు రాలేకపోతిని. ఇప్పుడు వచ్చినా."

జిలాని ఒళ్లు జలదరించింది. ఎట్లనో ధైర్యం కూడదీసుకున్నాడు.

"నేను... కంప్యూటర్ జిలానిని."

ఆమె కరుణమ్మ. దేవదానం భార్య. ఆసుపత్రిలో ఊడ్చే పని చేసి ఇంటికి పోతా ఉంది. మళ్లీ వెనక్కి పోయి గడ్డపార తెచ్చి, షట్టరు కింద దూర్చి, మనిషి పట్టేంత సందు చేసింది.

ఆర్డరు మూడు సర్వర్లకే పోయింది. ఆ రాత్రి వివరాలు దొరక్క నర్సులు పడిన పాట్లు విన్నాక డాక్టరు వెంటనే సంతకం పెట్టినాడు. వాటిలో ఒక్కదాన్నీ జిలాని ఆ గోడౌన్లో పెట్టనీలేదు. అడిగితే, తేమ ఉందన్నాడు.

అసలు సంగతి అది కాదు. ఆ రాత్రి తాను బయటపడి రోడ్డు మీద కూలబడినా, కరుణమ్మ గడ్డపార దించలేదు. సందులోకి వంగి చూస్తానే ఉంది.

"పోదాం పెద్దమ్మా."

"ఉండు నాయనా... ఆయన్ని కూడా రానీ."

"ఎవర్ని? లోపల నేనొక్కణ్ణే!"

ఆమె చెయ్యెత్తి, మాట్లాడొద్దన్నది.

"ఇంకా కొడతానే ఉండాడు గదా... నీకు వినపళ్లేదా?"