తిరిగిరాని వలల మిట్ట

కగా తీరంలో బాతుల చెరువు చుట్టూ ఉన్న మిట్టలన్నిటిలోకీ ఒంటి దేవదారు మిట్టకే చెడ్డపేరు. అక్కడ పైకి విసిరిన వల కిందికి రాదట! ఎగరడం కనిపిస్తుంది... పడిన చప్పుడు మాత్రం వినిపించదు. మర్నాడు వెళ్ళి చూస్తే చెట్టుకొమ్మకు ఖాళీగా వేలాడుతూ ఉంటుంది.

సమురాయ్‌ల కాలంలో ఇలా వల విసిరి బాతుల్ని పట్టే వేట వాళ్ళకే చెల్లేది. వాళ్ళలో ఒకాయన ఆ మిట్ట మీదే కాలుజారి చచ్చాడనీ, ఇంకా వేట మానలేదనీ చెప్పుకునేవారు.

అందుకే ఎవరికి ఏ మిట్టో తేల్చే చీటీలో ఆ మిట్ట వచ్చిన వేటగాళ్ళు దాన్ని తమలో ముసలివాడైన టోమెజో తాతకు అంటగట్టి, ఆయన మిట్ట పుచ్చుకునేవారు. "ముసలాణ్ణి, దెయ్యం నన్నేం చేసుకుంటుందిలే" అని నిట్టూరుస్తూ వెళ్ళేవాడు తాత. వచ్చేటప్పుడు మాత్రం చేతిలో బాతు!

ఈ లెక్క కియోనోకు మొదటినుంచీ కుదరలేదు. వేటగాళ్ళ గుంపులో ఆమె కొత్త. వేటకాలం ముగిసేలోగా ఒక్క బాతైనా పట్టకపోతే, గుంపు అరువిచ్చిన వల తిరిగి ఇచ్చెయ్యాలి. చలికాలమంతా ఆ వలకు గాలి తప్ప ఏమీ పడలేదు.

వేటకాలం ఆఖరి సాయంత్రం వేటగాళ్ళ గుడిసెలో చీటీ తీస్తే... ఒంటి దేవదారు మిట్ట.

"ఇలా ఇచ్చెయ్ అమ్మాయ్," తాత చెయ్యి చాపాడు. "జడుసుకుంటావు."

"జడుసుకుంటే జడుసుకుంటాను. ఎప్పుడూ మీ ఇంట్లోనే ఉడకాలా తాతా, బాతు పులుసు?"

గుడిసె పెద్ద పకపకా నవ్వాడు. "చీటీ ఎవరిదైతే మిట్ట వాళ్ళది. ఇంకొకరు అక్కడ కాలు పెట్టారో, వచ్చే ఏడు వల ముట్టనివ్వను. విన్నావా టోమెజో?"

"నాకు నడుం నొప్పి. ఇంటికి పోతున్నా," అని తాత విసురుగా లేచి వెళ్ళిపోయాడు.

మిట్ట మీద కియోనో ఒక్కతే నిలబడింది. చలిగాలి... దూరంగా సముద్రపు హోరు. తుపాకీ ఇక్కడ నిషిద్ధం. పొద్దుగుంకాక బాతులు చెరువు వదిలి పొలాల్లో మేతకు తల మీదుగా దూసుకుపోతాయి. రెండుగా చీలిన కర్రకు కట్టిన వలను సరిగ్గా వాటి దారిలోకి విసరాలి. క్షణం ఆలస్యమైతే అంతే సంగతులు. అవి దాటేదాకా మిట్ట మీద నోరు మెదపకూడదు. దగ్గు వినిపించినా గుంపు మొత్తం దారి మళ్ళుతుంది.

చీకటి చిక్కబడింది. దేవదారు కొమ్మ కిర్రుమంది... గాలే అనుకుంది.

అంతలో చెవి పక్కనే, ఊపిరంత సన్నగా —

"ఇప్పుడు!"

ఉలిక్కిపడి వల విసిరేసింది. పైన రెక్కలు టపటపమన్నాయి. ఆ తర్వాత... ఏమీ లేదు.

వల కిందికి రాలేదు.

పరిగెత్తి పోదామనుకుంది కియోనో. కానీ ఆ వలే పోతే రేపట్నుంచి ఆమె గుంపులోనే ఉండదు. చీకట్లోకి అరిచింది:

"దెయ్యంగారూ! చీటీ నాది. మీది కాదు. ఇదిగో, పెద్దను పిలుస్తున్నా!"

చెట్టు మీద ఎవరో తుమ్మారు.

"ఆగమ్మా ఆగు! పిలవకు!" కొమ్మల్లోంచి దబ్బున దిగాడు టోమెజో తాత. ఒక చేతిలో వంకీకర్ర, రెండో చేతిలో ఆమె వల. వలలో గిలగిలా కొట్టుకుంటూ బాతు!

"ఇన్నేళ్ళూ ఇదా మీ దెయ్యం?"

"మంచి మిట్టమ్మా... వదులుకోబుద్ధి కాలేదు," తాత బాతును వలలోంచి తీసి, రెండూ ఆమెకిచ్చి తల గోక్కున్నాడు. "బాతు నీదే, వల నీదే. ఆ పెద్దకు మాత్రం చెప్పకు."

"సరే, చెప్పను. పైగా మీరే కదా సాయం చేసింది!"

"నేనా?"

"సరిగ్గా సమయానికి 'ఇప్పుడు' అన్నారుగా. లేకపోతే నాకెక్కడ పడేది?"

తాత ఆమెను ఎగాదిగా చూశాడు.

"మతి పోయిందా నీకు? బాతులు దాటకముందు మిట్ట మీద నోరు తెరుస్తానా? దొంగతనమైతే చేశాను గానీ... ఆ తప్పు ఈ జన్మలో చెయ్యలేదు."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నెమ్మదిగా చెట్టు వైపు తిరిగారు. కొమ్మ కదల్లేదు. గాలి కూడా ఆగిపోయింది.

చెరువు మీంచి వెనకబడ్డ బాతు ఒక్కటి వస్తున్న చప్పుడు...

వాళ్ళిద్దరి మధ్యనుంచి, చిరాగ్గా, గుసగుసగా —

"ఇప్పుడు!"

తాత నడుంనొప్పి ఏమైపోయిందో గానీ, గుడిసె గుమ్మంలోకి ముందు దూకింది ఆయనే. వెనకాలే కియోనో. వల ఎక్కడో జారిపోయింది. బాతును మాత్రం వదల్లేదు.