టెస్టింగ్ రూములో చుక్కల చప్పుడు

ఆ ఫ్యాక్టరీలో టెస్టింగ్ రూము పేరెత్తితే చాలు, రాత్రి షిఫ్టువాళ్ళ నోళ్ళు మూతపడేవి. తాళం వేసిన గదిలో... టప్... టప్... అని చుక్కలు పడతాయట. కాస్టిక్ సోడా ట్యాంకు కడగడానికి దిగి, ఒళ్ళంతా కాలి చచ్చిపోయినవాడే తిరుగుతున్నాడని గుసగుసలు.

అతని బదులు అతని చెల్లెలికి ఉద్యోగమిచ్చారు — అదే గదిలో, టెస్టర్‌గా.

"చీకటి పడ్డాక అటు పోకమ్మా," అన్నాడు వాచ్‌మన్, ఆమె మొహంలోకి చూడకుండా.

ఆమెకు భయం వెయ్యలేదు. ఆశ పుట్టింది. వచ్చేది అన్నయ్యే అయితే... ఒక్కసారి చూడొచ్చు కదా!

ఆ రాత్రి షిఫ్టు దిగినా ఇంటికి పోలేదు. వరండాలో నక్కి కూర్చుంది.

టప్... టప్...

చప్పున లేచింది. కిటికీ సందులోంచి చూసింది.

దెయ్యం కాదు... పాత టెస్టర్! "ఘాటు తక్కువ, ట్యాంకులోకి దిగొచ్చు" అని ఆ రోజు చీటీ రాసిన ముసలాయన. ఉద్యోగం పోయి రెండు నెలలైంది. ఆమె ఆయన్ని తిట్టుకోని పూట లేదు.

ఫ్లాస్కులో కాస్టిక్ కలిసిన గులాబీ రంగు నీళ్ళు. పైన గీతల గాజుగొట్టంలోంచి యాసిడ్ చుక్కచుక్కగా పడుతోంది. ఆ రంగు పోవడానికి ఎంత యాసిడ్ పడితే, కాస్టిక్ అంత ఘాటన్నమాట.

గొట్టం ఖాళీ అయింది. యాభై గీతలూ అయిపోయాయి. రంగు పోలేదు. ఆయన మళ్ళీ నిండా పోసి, చుక్కలు వదిలాడు. తొమ్మిదో గీత దగ్గర నీళ్ళు తెల్లబడ్డాయి.

"తొమ్మిది," అని కాగితం మీద రాసుకున్నాడు.

ఆమె తలుపు తోసుకుని వెళ్ళింది.

"కేకలెయ్యకమ్మా..." ఆయన చేతులు జోడించాడు. "వాచ్‌మన్ జాలిపడి రానిస్తున్నాడు. ఆనాటి ట్యాంకు నీళ్ళు క్యానులో దాచా. రోజూ కొలుస్తున్నా. ఎప్పుడూ తొమ్మిదే! ఇంత పలచటి నీళ్ళకి ఆ పిల్లాడు ఎలా కాలిపోయాడమ్మా?"

"తొమ్మిదేంటి? యాభై తొమ్మిది!" అందామె. "ముందు పోసిన గొట్టం కలపలేదేం?"

ఆయన గొట్టం వంక చూశాడు. ఫ్లాస్కు వంక చూశాడు.

"ముందు... పోశానా?"

బొంకు కాదది. ఆ కళ్ళలో ఏమీ లేదు.

రెండు నెలలుగా దాచుకున్న తిట్లన్నీ ఆమె నోటిదాకా వచ్చి ఆగిపోయాయి. చాలాసేపు ఏడ్చింది. ఎందుకేడుస్తోందో తెలియక ఆయన బిక్కమొహం వేసుకుని నిలబడ్డాడు.

చివరికి గాజుగొట్టం కొళాయి కట్టేసి, ఆయన చెయ్యి పట్టుకుంది.

"పదండి తాతగారూ, దిగబెడతాను. మీ ఇల్లెక్కడ?"

ఆయన ఆలోచించాడు... ఆలోచించాడు...

"వాచ్‌మన్‌కి తెలుసమ్మా."