నాలుగడుగులా, ఐదడుగులా

పొద్దున టీ చల్లారిపోతున్నా తండ్రీకూతుళ్ళలో ఎవరూ గ్లాసు ముట్టలేదు. ముందురోజే కూతురు టేపు పట్టుకుని మినీ ట్రాక్టర్ వెనక చక్రాలను ఆ అంచు నుంచి ఈ అంచుకు కొలిచింది. నాలుగడుగులకు రెండంగుళాలు తక్కువ. బ్లేడ్లతో మట్టిని గుల్లచేసే రోటవేటర్ నాలుగడుగులది తగిలిస్తే చక్రాల గాడి కూడా దున్నుకుపోతుంది, ఇంజిన్‌కీ భారం కాదు. ఐదడుగులదాన్ని ఆ చిన్న బండి లాగలేదు. గిన్నెలు సర్దుతూ, చెప్పులు వెతుక్కుంటూ ఆమె ఇదే మాట మూడుసార్లు చెప్పింది. నాన్న మాత్రం ఐదడుగులదే కావాలని భీష్మించుకు కూర్చున్నాడు.

ఇద్దరికీ మొండితనం సమానంగా పంచిపెట్టాడు దేవుడు అని అమ్మ విసుక్కుంది. కూతురికి నవ్వు రాలేదు. చదువు కాగానే పొలాన్నే నమ్ముకుని ఇంట్లో ఉండిపోయింది. స్టీరింగ్ పట్టడం నేర్పిన నాన్నే ఏడాదిగా ఆమె మాటను పూచికపుల్లలా తీసిపారేస్తున్నాడు. ఏం చెప్పినా "సరే సరే" అంటాడు, చేసేది మాత్రం తన ఇష్టం. ఈ ఇంట్లో తన మాటకు విలువ లేనప్పుడు తానిక్కడ ఎందుకున్నట్టని ఆమె మనసు కుమిలిపోతోంది.

కొనేముందు వాడి చూడమని కొట్టువాడు పంపిన ఐదడుగులదాన్ని నాన్న చేలో దింపాడు. మొదటి సాలులోనే ఇంజిన్ మూలిగింది, నల్లటి పొగ కక్కింది. లోతు తగ్గించమని ఆమె గట్టు మీంచి గొంతు చించుకుంది. ఆయన తలైనా తిప్పలేదు.

రెండో సాలులో తీగ కలుపు బ్లేడ్లకు చుట్టుకుంది. నాన్న రోటవేటర్‌ను పైకెత్తి, అది తిరగడం ఆపే లీవర్ లాగి, ఇంజిన్ ఆపకుండానే దిగాడు. లీవర్ సగమే వచ్చింది. లోపల గేరు పళ్ళు ఒరుసుకుని కరకరమంటున్నాయి. ఏ క్షణాన పట్టుకున్నా బ్లేడ్లు గిర్రున తిరుగుతాయి. ఆయన తాపీగా గొంతుక్కూర్చుని బ్లేడ్ల మధ్య చెయ్యి పెట్టబోయాడు.

ఆమె పరుగున వెళ్ళి తాళం తిప్పి ఇంజిన్ ఆపేసింది. ఆయన ఎదురుగా వచ్చి నిలబడింది.

"ఇంజిన్ ఆపకుండా దిగొద్దని నాకు నేర్పింది నువ్వే కదా నాన్నా. ఆ కరకర వినపళ్ళేదా?"

ఆయన ఆమె పెదాల వంక చూశాడు.

"ఏ కరకర?"

ఆమె కోపమంతా నీరుగారిపోయింది. నాన్న మట్టిగడ్డను నలుపుతూ చెప్పాడు. ఏడాదయింది. ఎడమ చెవి పూర్తిగా పోయింది, కుడి చెవికి ఎదుటి మనిషి మొహం కనిపిస్తేనే కాస్త అందుతుంది. కొట్టులో గోల మధ్య వాడేం అడిగాడో తెలియక తలూపితే ఐదడుగులది వచ్చిపడింది. పొరపాటని ఒప్పుకుంటే చెవుల సంగతి బయటపడుతుంది, ఇక ట్రాక్టర్ ఎక్కనివ్వరు.

"మరి పొద్దున నాతో అంతసేపు ఎందుకు వాదించావు?"

"నువ్వేమన్నావో సగం వినపళ్ళేదమ్మా. పోట్లాడుతున్నావని మాత్రం తెలిసింది. ఊరుకుంటే దొరికిపోతానని నేనూ పోట్లాడాను."

ఆమెకు నవ్వు, ఏడుపు కలిసి వచ్చాయి. విలువ లేదని ఏడాదిగా తాను బాధపడ్డ మాటలు అసలు ఆయనను చేరనేలేదు. చెవుల డాక్టరుకు చూపించేదాకా సీటు తనదని ఖచ్చితంగా చెప్పింది. తర్వాత మట్టిలోనే ఆయన ఎదురుగా చతికిలబడి, కళ్ళు తుడుచుకుని, టేపు పట్టిన దగ్గర్నుంచి మళ్ళీ మొదలుపెట్టి అంతా నెమ్మదిగా చెప్పింది. చెప్పినంతసేపూ నాన్న ఆమె మొహం మీంచి చూపు తిప్పలేదు.

"నాలుగడుగులకి తక్కువ రెండంగుళాలా, మూడా?" అని అడిగాడు.

"రెండు నాన్నా."

"అయితే నువ్వన్నదే. నాలుగడుగులది తెద్దాం."