ఆరని సున్నం

సున్నపు మేస్త్రీ పరంజా మీద నుంచి పడి చావలేదు. చచ్చాకే పడ్డాడు.

ఇంటెలిజెన్స్ చీఫ్ ఆ మాట చెప్పి ఫొటోని టేబుల్ మీద ముందుకు తోశాడు. ఏజెంట్ అందులో వెంటనే మొహం చూడలేదు. ముందు చేతులు చూశాడు, తర్వాత మొహం.

"ఈయన మా మామగారి దగ్గర పని నేర్చుకున్నాడు సార్."

"అందుకే నిన్ను పిలిచాను. గోళ్ళలో సున్నం చూశావా? ఈయన పనిచేసిన సైనిక హెడ్‌క్వార్టర్స్‌లో సున్నం పని అయిపోయి మూడు నెలలైంది. ఇది నిన్నటి తడి."

"అంటే ఎక్కడో గోడ తెరిచి మళ్ళీ మూశారు."

"పదకొండింటికి కౌన్సిల్ హాల్లో త్రివిధ దళాల చీఫ్‌లు పొరుగు దేశం వాళ్ళతో ఒప్పందం మీద సంతకాలు పెడతారు. అది జరక్కూడదని ఒక విదేశీ ముఠా ఏడాదిగా కాచుక్కూర్చుంది. బాంబు కోసం కుక్కల్ని రెండుసార్లు తిప్పాం. సున్నం ఘాటుకి వాటి ముక్కులు పనిచెయ్యవు. డిటెక్టర్ అరడుగు దాటి చూడదు. ఆ గోడలు మూడడుగులు."

"తవ్వి చూడొచ్చుగా."

"హెరిటేజ్ బిల్డింగ్ నాయనా. మేకు కొట్టాలన్నా హెరిటేజ్ ఆఫీసర్ సంతకం కావాలి, ఫలానా చోటని చెప్తే గానీ పెట్టరు. పోనీ మీటింగ్ ఆపుదామంటే, చచ్చిన మేస్త్రీ గోళ్ళు చూపించి జనరల్స్‌ని కుర్చీల్లోంచి లేపలేను." చీఫ్ వాచీ చూసుకున్నాడు. "లోపల మన మనిషి ఉంది. రెండేళ్ళుగా ముఠాలో వాళ్ళ మనిషిలా నటిస్తోంది. కోడ్ వర్డ్ చెప్పు, దారి చూపిస్తుంది."

పదీ ఇరవైకి ఏజెంట్ గడ్డం తగిలించుకుని, వీపున స్టీలు సిలిండర్ వేసుకుని, చెదల మందు కొట్టేవాడిగా గేటు దాటాడు.

ఆ భవనం నూట అరవై ఏళ్ళనాటిది. మొదట గుర్రపు దళం బ్యారక్సు. తర్వాత సైనిక ఆసుపత్రి. ఒకసారి తగలబడింది. పైకప్పు పోయింది, గోడలు మిగిలాయి. ఆ గోడల మీదే మళ్ళీ కప్పు వేసి హెడ్‌క్వార్టర్స్ చేశారు. కింద వరసగా రాతి కమానులు, మధ్యలో రాతి మెట్లు, పైన గడియారపు గోపురం.

మెట్ల దగ్గర ఒక స్త్రీ నిలబడి ఉంది. నల్ల పట్టుచీర, చలువ కళ్ళద్దాలు, చేతిలో ప్లాన్ల చుట్ట. సెంట్రీలు ముగ్గురూ ఆమెనే చూస్తున్నారు.

"గడియారం అయిదు నిమిషాలు వెనకుందండీ," అన్నాడు ఏజెంట్.

"కట్టినవాడికి తొందర లేదు," అంది ఆమె. అదే జవాబు. కళ్ళద్దాలు తీసింది. "గడ్డం పెట్టుకున్నంత మాత్రాన బావ బావ కాకుండా పోడు. ఇన్సూరెన్స్ ఆఫీసులో గుమస్తావనుకున్నానే!"

పోయిన భార్యకి చెల్లెలు. ఈ భవనానికి హెరిటేజ్ ఆఫీసర్. మేకు కొట్టాలన్నా సంతకం పెట్టాల్సింది ఈమే.

"నిన్న మేస్త్రీ ఎక్కడ పని చేశాడు?"

"గోపురంలో. రా, చూపిస్తాను."

మెట్లెక్కుతూ ఆమె కాలితో రాయిని చూపించింది. ఎక్కే వైపు గిన్నెలా అరిగింది. దిగే వైపు అంతగా అరగలేదు.

"ఎందుకో తెలుసా బావా? ఎక్కినవాళ్ళంతా దిగలేదు. ఆసుపత్రి రోజుల్లో."

గోపురంలో తడి లేదు. మ్యాప్ రూములో లేదు. రికార్డు రూములో లేదు. ఏజెంట్ ప్రతి గోడకీ చెయ్యి వెనక్కి తిప్పి ఆనిస్తున్నాడు. అరచెయ్యి మొద్దు, చెయ్యి వెనక భాగం అబద్ధం చెప్పదని మామగారనేవాడు. మరదలు ఏ గదికైనా తీసుకెళ్తోంది గానీ కౌన్సిల్ హాలు వెనక వసారా వైపు మళ్ళనివ్వడం లేదు. పదీ యాభై ఏడుకి అతను చెప్పకుండా అటు తిరిగాడు.

వసారా మధ్యలో గోడగూడు. దాని వెనక కౌన్సిల్ హాలు. రంగు పక్క గోడతో ఇసుమంత తేడా లేకుండా కలిసింది. చెయ్యి ఆనించాడు. చల్లగా తగిలింది.

"సిమెంటయితే రాత్రికి రాత్రే ఆరిపోయేది," అన్నాడు. "దొరికేదానివి కాదు."

మరదలు బుకాయించలేదు. "ఈ గోడకి సిమెంటు పూస్తే ఉప్పుతేలి రాలిపోతుంది బావా."

"ఇంకో మూడు నిమిషాల్లో పేల్చే గోడకా?"

"గోడ పడదు. పేలుడంతా లోపలికే. లెక్క వేశాను. లోపలివాళ్ళే పోతారు."

హాలు తలుపులు లోపల గడియ వేసి ఉన్నాయి. అటువైపు చుట్టి వెళ్ళాలంటే నాలుగు నిమిషాలు. ఏజెంట్ సిలిండర్ దించాడు. దాని అంచుతో గూట్లో పొడిచాడు.

వెనకాల హ్యాండ్‌బ్యాగు తెరుచుకున్న చప్పుడు. తర్వాత పిస్టల్ సేఫ్టీ తీసిన చప్పుడు.

"ఆగు బావా. అక్క అంబులెన్సుని ఈ జనరల్స్ కాన్వాయ్ కోసం నలభై నిమిషాలు ఆపారు."

"నలభై రెండు," అన్నాడు ఏజెంట్. ఆ రోజు అంబులెన్సులో భార్య పక్కన ఉన్నది అతనే. సున్నం పెరుగులా ఊడి వస్తోంది. సిలిండర్ పారేసి చేతులతోనే తోడాడు. వేళ్ళు మండిపోయాయి.

"క్షమించావా వీళ్ళని?"

"లేదు. చచ్చినా క్షమించను."

"మరి తప్పుకో!"

"లోపల టీ పోసే ఆయనున్నాడు. షార్ట్‌హ్యాండ్ రాసే అమ్మాయుంది. వాళ్ళా అంబులెన్సు ఆపింది? మేస్త్రీ ఏం ఆపాడు? నిన్ను భుజాల మీద మోసి పెంచిన మనిషి."

"చంపింది నేను కాదు. ముఠావాళ్ళు."

"పనికి పిలిచింది నువ్వు."

ఏజెంట్ తోడుతూనే ఉన్నాడు. తూటా రాలేదు. అతను వెనక్కి తిరిగి చూడలేదు. భుజం దాకా చెయ్యి లోపలికి పెట్టాడు. రాయి వెనక డబ్బా తగిలింది. డబ్బాలో ఎర్ర అంకెలు. తొమ్మిది. ఎనిమిది. డిటొనేటర్ చుట్టూ తడి సున్నం కారి ఉంది. వేళ్ళు జారాయి. అయిదు. చొక్కా అంచుతో పట్టి లాగాడు.

రెండు దగ్గర ఊడి వచ్చింది. అంకెలు సున్నాకి చేరాయి. గోడ అవతల ఎవరో చప్పట్లు కొట్టారు. సంతకాలు మొదలయ్యాయి.

అతను తిరిగేసరికి మరదలు నేల మీద కూర్చుని ఉంది. పిస్టల్ ఒళ్ళో ఉంది. గోడగూడు వంక చూస్తోంది.

"గూడంతా పాడుచేశావు," అంది.

ఎందుకు కాల్చలేదో అతను అడగలేదు. గోడకి తగులుతుందనో, అక్క గుర్తొచ్చో. అడిగితే క్షమించాల్సి వస్తుంది. చేతులు వెనక్కి విరిచి బేడీలు వేశాడు.

నెల తర్వాత వేళ్ళ కట్లు విప్పిన రోజున అతనికి హెరిటేజ్ శాఖ నుంచి నోటీసు వచ్చింది. అనుమతి లేకుండా రక్షిత కట్టడాన్ని పగలగొట్టినందుకు ఏడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలి.

ఏజెంట్ ఆ నోటీసు కిందే రెండు ముక్కలు రాసి తిప్పి పంపాడు.

"అనుమతి ఇవ్వాల్సిన ఆఫీసర్ ఆ సమయంలో నా వెనకే ఉన్నారు. అభ్యంతరం చెప్పలేదు."