మూడో షెడ్డులో ఈల

ఫ్యాక్టరీలో మూడో షెడ్డు పేరెత్తితే చాలు, రాత్రి డ్యూటీ వాళ్ళు మాట మార్చేస్తారు. క్రేను విప్పేసి, తలుపుకి గొలుసు బిగించి ఏడాది దాటింది. అయినా చీకటి పడితే లోపల్నుంచి ఈల వినిపిస్తుందట... బరువు ఎత్తే ముందు, కింద మనుషుల్ని తప్పుకోమని వేసే ఈల. కొత్తగా చేరినవాళ్ళకి వాచ్‌మనే చెబుతాడు. క్రేను కొక్కెం తగిలి ఎవడో పోయాడట, వాడి ఆత్మట.

"తగిలింది మా ఆయనకి. పోలేదు, ఇంట్లోనే ఉన్నాడు," అనేది ఆ దెబ్బ తిన్నవాడి ఇల్లాలు, ఒళ్ళు మండి.

పోలేదు గానీ... తిన్న చెయ్యి ఆరకముందే అన్నం పెట్టలేదేమంటాడు. చొక్కా గుండీలతో కుస్తీ పడతాడు. నష్టపరిహారం అడిగితే కంపెనీ వకీలు ఒక్క ముక్కలో తేల్చేశాడు. "స్కానింగులో ఏమీ లేదు. మతిమరుపంతా నాటకం."

తెల్లారితే చివరి విచారణ. అందుకని ఆ రాత్రి ఆమె, తను రోజూ రాత్రిపూట ఆయాగా చేసే ఆసుపత్రిలో అడిగి పెందలాడే ఇంటికొచ్చింది. అత్తగారు గుర్రుపెడుతోంది. ఆయన మంచం ఖాళీ.

సందుసందూ వెతుక్కుంటూ ఫ్యాక్టరీ వెనక గేటు దాకా వచ్చింది. అప్పుడే—

ఈల.

"లోపలికెళ్ళకమ్మా..." వాచ్‌మన్ గుసగుసలాడాడు. "అది మనిషి కాదు."

"మనుషుల్ని చూశాంలే బాబూ. దెయ్యమే నయం." టార్చి లాక్కుంది.

షెడ్డు గోడకి రేకు ఊడిన చోట ఒంగి దూరింది. గ్రీజు కంపు. మళ్ళీ ఈల... ఈసారి పక్కనే. టార్చి నొక్కింది.

నోట్లో ఈల, తల పైకెత్తి, లేని క్రేనుకి చేతులతో సైగలు చేస్తూ — ఆమె మొగుడు. ఎడమకి. ఇంకాస్త. మెల్లగా దించు. ఒక్క సైగా తప్పడం లేదు.

"ఏవండీ..."

తిరిగి చూశాడు. "ఎవరమ్మా మీరు? బరువు కిందకి రాకూడదు. తప్పుకోండి."

చెయ్యి పట్టుకుని బయటికి నడిపించుకొచ్చింది.

దెయ్యం ఎదురొస్తుంటే పారిపోవాల్సిన వాచ్‌మన్... కదల్లేదు. తల దించుకున్నాడు.

"నీకు తెలుసు," అంది.

"రోజూ వస్తాడమ్మా. మొదటి రాత్రే మేనేజరుగారికి చెప్పాను. ఆయనొచ్చి కళ్ళారా చూశారు కూడా..."

"చూసి?"

"కేసు తేలేదాకా నోరెత్తొద్దన్నారు. ఎవరైనా అడిగితే... దెయ్యమని చెప్పమన్నారు."