ముందు పడిన కాలు

గాజు పెట్టె ఖాళీగా ఉంది. తాళం మాత్రం వేసే ఉంది.

ఇన్‌స్పెక్టర్ ఆ తాళాన్ని రెండుసార్లు లాగి చూసింది. ఆమె సర్వీసులో రకరకాల దొంగలు తగిలారు. పోతూ పోతూ తాళం వేసి వెళ్లిన మర్యాదస్తుడు మాత్రం ఇంతవరకూ తగల్లేదు.

"ఎప్పుడు చూశారు?"

"తొమ్మిదింటికి షాపు తీశాను మేడమ్. అప్పటికే లేవు," అన్నాడు యజమాని.

అది స్కేట్‌బోర్డుల షాపు. నిలబడి దూసుకుపోయే చక్రాల చెక్కలన్నీ అక్కడ దొరుకుతాయి. యజమానిని అందరూ చాంపియన్ అంటారు. నలభై దాటిన మనిషి. కొత్తవాళ్లు నేర్చుకోవడానికి వాకిలి పక్కన పెట్టిన చెక్క ర్యాంప్ మీద తల పట్టుకుని కూర్చున్నాడు.

పోయినవి రెండు. ఒక పాత బోర్డు, ఒక జత పాత బూట్లు.

వాటి కథ గోడ మీదే ఉంది. నిలువెత్తు ఫొటో. పాత స్టేడియం మెట్ల మీదుగా, బోర్డుతో సహా గాల్లో తేలుతున్న స్కేటర్. తలకు హెల్మెట్, మొహానికి అడ్డంగా లేచిన చెయ్యి. పాతికేళ్ల కిందట ఆ మెట్లు దూకినవాళ్లు ఇంకెవరూ లేరు. ఫొటో పేపర్లో పడింది. ఆ ఒక్క గెంతుతో మోకాలు దెబ్బతిందనీ, మళ్లీ బోర్డెక్కలేదనీ చాంపియన్ అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెబుతూ వచ్చాడు.

ఇవాళ సాయంత్రం ఆరింటికి పాతకాపులంతా షాపులో కలుస్తున్నారు. ఒకప్పుడు వీధులన్నీ తమవే అన్నట్టు తిరిగినవాళ్లు ఇప్పుడు బట్టతలలతో, బీపీ మాత్రలతో వస్తారు. ఆ బోర్డును ఒక్కసారి ముట్టుకోవాలని వాళ్ల ఆశ.

"పెట్టె తాళం చెవులు ఎన్ని?"

"రెండు. ఒకటి నా దగ్గర."

"రెండోది?"

చాంపియన్ నేలచూపులు చూశాడు.

"మా అక్క దగ్గర."

అక్క వెనక గదిలో ఉంది. నలభై అయిదేళ్ల మనిషి. బోర్డులకు చక్రాలు బిగించడం, విరిగినవి బాగుచేయడం ఆమె పని. పోలీసులు వచ్చినా చేతిలో పానా పక్కన పెట్టలేదు.

"మీ తాళం చెవి?"

జేబులోంచి తీసి చూపించింది.

"రాత్రి ఎక్కడున్నారు?"

"ఇంట్లో."

"సాక్ష్యం?"

"మా పిల్లిని అడగండి."

"మీ తమ్ముడు మీ పేరు చెప్పాడు."

పానా ఆగింది.

"చెప్పాడా?" అంది అక్క. అంతే. కోపం లేదు, బుకాయింపు లేదు. మళ్లీ చక్రం తిప్పడం మొదలుపెట్టింది. ఏ తప్పూ చేయని మనిషి ఇంత నింపాదిగా ఉంటుందా అని ఇన్‌స్పెక్టర్‌కు అనుమానం బలపడింది.

ఈలోగా హెడ్ కానిస్టేబుల్ ఒక బోర్డును ముచ్చటగా నిమురుతున్నాడు.

"ఏమ్మా, ఈ బొజ్జతో నేను ఎక్కగలనంటావా?"

"ఎక్కచ్చు. మీకు ఏ కాలు ముందో తెలియాలి, అంతే."

"అదెలా తెలుస్తుంది?"

అక్క లేచి ఆయన వెనక్కి వెళ్లి వీపు మీద చిన్నగా తోసింది. హెడ్ తూలి, ఎడమ కాలు ముందుకేసి నిలదొక్కుకున్నాడు.

"మీది ఎడమ. షాపుకొచ్చే కొత్తవాళ్లందరికీ ఇదే పరీక్ష. అడిగితే ఎవరూ సరిగ్గా చెప్పలేరు సార్. తోస్తే కాలే చెబుతుంది."

"నా భార్యకు చెప్పకు తల్లీ, రోజూ తోస్తుంది," అన్నాడు హెడ్.

ఇంకో అనుమానితుడు పాత వస్తువులు సేకరించే పెద్దమనిషి. బోర్డు అమ్మమని ఏళ్ల తరబడి చాంపియన్ వెంట పడుతున్నాడు. సాయంత్రం ఐదింటికి కబురు అందగానే పరుగున వచ్చాడు. వచ్చీ రాగానే, "అయ్యో, ఫొటో తీసుకుందామనుకున్నానే!" అని వాపోయాడు.

"ఏ ఫొటో?"

"నిన్న రాత్రి ఏడింటికి వచ్చి చెప్పి వెళ్లాను మేడమ్. ఇవాళ అందరూ వచ్చాక చాంపియన్ ఆ బూట్లు తొడుక్కుని ఆ బోర్డు మీద నిలబడాలి. పాత ఫొటో పక్కన కొత్త ఫొటో. ఎంత బావుంటుంది!"

"ఆయన ఏమన్నారు?"

"ఏమీ అనలేదు. చెమటలు పట్టాయి పాపం. సంతోషమేమో."

నిన్న ఆ పెట్టెను ఫోన్‌లో తీసిన ఫొటో చూపించాడు. ఇన్‌స్పెక్టర్ దాన్ని పెద్దది చేసింది.

"కుడి బూటుకు పక్కన ఈ చిల్లేమిటి?"

"ఎగిరేటప్పుడు ముందుండే కాలి బూటు బోర్డుకు రాసుకుంటుంది మేడమ్. ఆ చిల్లు లేనివాడు స్కేటరే కాదు!"

"బోర్డు విలువైనది, సరే. ఆ చిల్లుల బూట్లను ఎవరైనా కొంటారా?"

"ఊరికే ఇచ్చినా తీసుకోరు. అడుగున జిగురంతా చచ్చిపోయింది."

ఇన్‌స్పెక్టర్ గోడ మీది ఫొటో ముందు చాలాసేపు నిలబడింది. తర్వాత, వచ్చేవాళ్లను వాకిట్లోనే ఆపమని సేకరణల పెద్దమనిషిని బయటికి పంపింది.

"చాంపియన్, మీరిలా రండి. ఈ ఫొటోలో ఒకటి అర్థం కావడం లేదు."

ఉదయం నుంచి కదలని మనిషి అయిష్టంగా ర్యాంప్ దిగి వచ్చాడు. ఫొటో వైపు తలెత్తాడు.

ఇన్‌స్పెక్టర్ వెనక నుంచి చిన్నగా తోసింది.

చాంపియన్ తూలాడు. ఎడమ కాలు ముందుకు పడింది.

వెనక గదిలో పానా చప్పుడు ఆగిపోయింది.

"ఫొటోలో ముందున్నది కుడి కాలు," అంది ఇన్‌స్పెక్టర్.

"అది... ఫొటో తిరగబడి ప్రింటయింది మేడమ్."

"వెనక గోడ మీద 'ఇక్కడ బండ్లు నిలపరాదు' అని రాసుంది. అక్షరాలు సరిగ్గానే ఉన్నాయి. కుడి బూటుకే చిల్లు కూడా ఉంది. మెట్లు దూకింది మీరు కాదు."

చాంపియన్ చూపు ర్యాంప్ వైపు జారింది.

"బోర్డు కోసం వచ్చిన దొంగ పనికిరాని బూట్లెందుకు తీసుకెళ్తాడు? సాయంత్రం అందరి ముందూ తొడుక్కోమంటే అవి మీ కాళ్లకు పట్టవు కాబట్టి. తాళం ఎందుకు వేశాడు? రోజూ వేసే చెయ్యి కాబట్టి. ఇక ఆ ర్యాంప్ కింద ఏముందో మీరే తీస్తారా, హెడ్‌ని తీయమంటారా?"

తనే తీశాడు. చెక్క కింది డొల్లలోంచి ముందు బోర్డు వచ్చింది. తర్వాత బూట్లు. చిన్నవి. మగవాడి కాళ్లకు పట్టేవి కావు.

"మరి దూకిందెవరు?" అన్నాడు హెడ్. అని, తనే గుమ్మం వైపు తిరిగాడు. అక్క అక్కడ నిలబడి ఉంది.

ఇన్‌స్పెక్టర్‌కు సిగ్గేసింది. పొద్దుట్నుంచీ ఆ ఫొటోను ఎన్నిసార్లు చూసింది! తనూ ఆడదై ఉండి, హెల్మెట్ కింద ఆడపిల్ల ఉండొచ్చన్న ఆలోచనే రాలేదు. పైగా ఈవిడనే దొంగ అనుకుంది.

"పేపర్లో ఫొటో చూసి నాన్న బెల్టు తీశాడు మేడమ్," అన్నాడు చాంపియన్. "ఆడపిల్ల వీధుల్లో గెంతడమేమిటని. అది నేనే అని చెప్పాను. ఒట్టు, అక్కను కాపాడాలనే. దెబ్బలు నేనే తిన్నాను. మర్నాడు వీధిలోకి వెళ్తే... అందరూ నన్ను భుజాల మీదికెత్తుకున్నారు."

"ఆ దెబ్బలకు ఇన్నేళ్లుగా వడ్డీ తింటున్నావురా," అంది అక్క.

"సిగ్గుతో చచ్చిపోతున్నానే."

"నాన్న పోయాక చెబుతావనుకున్నా. షాపు పెట్టాక చెబుతావనుకున్నా. ఆ తర్వాత అనుకోవడం మానేశా."

ఇన్‌స్పెక్టర్ అతని ఎదురుగా వచ్చి నిలబడింది. "అదంతా పాత సంగతి. పొద్దున రెండో తాళం చెవి ఎవరి దగ్గరుందని అడిగితే ఈవిడ పేరు చెప్పారే, అదేమిటి?"

తలెత్తి అక్కను చూసే ధైర్యం అతనికి లేదు. చెప్పిన క్షణం నుంచీ ఆ మాటే అతన్ని లోపల కాలుస్తోంది.

"నీ వస్తువు నువ్వు దాచుకుంటే కేసేమీ ఉండదులే," అంది అక్క.

"నా వస్తువు కాదుగా."

అక్క బూటు చేతిలోకి తీసుకుంది. అడుగు పెచ్చులు పెచ్చులుగా ఊడి నేల మీద రాలింది.

"వేసుకుంటే అరిగేవి, అంతే," అంది. "అద్దంలో పెట్టి చంపావు."

బోర్డును నేల మీద పెట్టింది. చక్రాన్ని కాలితో ఒకసారి తిప్పి చూసింది. ఇంకా తిరుగుతోంది.

వాకిట్లో సందడి మొదలైంది. ఆరయింది. ఇక పాతకాపులను ఆపడం ఎవరి తరమూ కాలేదు. నవ్వులతో, ఆయాసాలతో లోపలికి తోసుకొచ్చారు. వాళ్లలోంచి సేకరణల పెద్దమనిషి బోర్డును చూసి కేక పెట్టాడు.

"దొరికిందా! చాంపియన్, రండి రండి, ఎక్కి నిలబడండి. అందరం చూస్తున్నాం!"

పాతికేళ్ల అలవాటు. పిలుపు వినగానే అతని ఎడమ కాలు ఒక అడుగు ముందుకు పడింది.

అతను దాన్ని చూసుకున్నాడు. వెనక్కి తీసుకున్నాడు.

"అక్కా," అన్నాడు అందరికీ వినపడేలా, "నిన్నే పిలుస్తున్నారు."